కడుపు కూడా అమానతే

మనకు ఆకలిని, ఆకలి తీర్చే ఆహారాన్ని, ఆ ఆహారాన్ని అరిగించుకునే శక్తిని ప్రసాదించిన అల్లాహ్‌కే సర్వ స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై శాంతి, శుభాలు కురియుగాక!



ఒక జుమా రోజున నమాజు ముగిశాక ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఆయన ముఖంలో బాధ కంటే కోపమే ఎక్కువగా ఉంది. "భాయ్‌సాబ్! మావాణ్ణి హైదరాబాదులో యూనివర్సిటీ చదువుకు పంపాం. ఇంట్లో ఉన్నన్నాళ్లు ఒక్క రోజా వదిలేవాడు కాదు. ఈ రమజాన్‌లో నాలుగు రోజాలు వదిలేశాడట. ఫజ్ర్‌కు లేవడం లేదు. హాస్టల్ గాలి తగిలింది, ఈమాన్ బలహీనపడింది. మీరే వాడికి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు.

సెలవులకు వచ్చినప్పుడు ఆ అబ్బాయితో మాట్లాడాం. మొదట తల వంచుకుని ఊరుకున్నాడు. కాసేపటికి అసలు సంగతి బయటపడింది. రాత్రి పడుకోగానే రొమ్ము ఎముక వెనక నిప్పు రాజేసినట్లు మంట. నడిరేయి పుల్లటి నీరు గొంతులోకి ఎగదన్ని, దగ్గుతో ఉలిక్కిపడి లేవడం. ఎప్పుడో తెల్లవారుజామున కన్ను మూతపడితే ఫజ్ర్ అజాన్ చెవిన పడేది కాదు. సహరీ తిని పడుకున్న రోజుల్లో మధ్యాహ్నం దాకా మంట తగ్గేది కాదు. "అబ్బాకు చెబితే సాకులంటారు. అందుకే చెప్పలేదు" అన్నాడు.

తండ్రి ఈమాన్ లోపమనుకున్నది నిజానికి ఒక జబ్బు. అయితే ఆ జబ్బుకు దారి తీసిన అలవాట్లు చాలావరకు అబ్బాయి చేజేతులా తెచ్చుకున్నవే. అందుకే ఈ ఉదంతంలో పిల్లలకూ పాఠం ఉంది, పెద్దలకూ పాఠం ఉంది.

ఏమిటీ మంట?

మనం దీన్ని గ్యాస్ అంటాం, ఎసిడిటీ అంటాం. డాక్టర్లు ఆసిడ్ రిఫ్లక్స్ అంటారు. నోటి నుంచి కడుపు వరకు ఆహారాన్ని చేరవేసే గొట్టం అన్నవాహిక. పెద్దవాళ్లలో అది సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. అది కడుపులో కలిసే చోట అల్లాహ్ ఒక కండర వలయాన్ని అమర్చాడు. ముద్ద దిగేటప్పుడు అది తెరుచుకుంటుంది, దిగాక బిగుసుకుంటుంది. కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. దాన్ని తట్టుకునే పొర కడుపుకు ఉంది, అన్నవాహికకు అంతటి పొర లేదు. ఆ వాకిలి వదులైనా, వేళ కాని వేళ తెరుచుకున్నా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అదే ఈ మంట, అవే ఈ పుల్లటి తేన్పులు.

పెళ్లి విందు తిన్న రాత్రి ఎప్పుడో ఒకసారి ఇలా కావడం జబ్బు కాదు. వారంలో రెండు మూడు సార్లు వస్తూ, నిద్రను, చదువును, ఆరాధనను చెడగొడుతుంటే దాన్ని జబ్బుగానే తీసుకోవాలి. కొందరిలో ఇది మంటగా కాక, తగ్గని పొడిదగ్గుగానో, గొంతు బొంగురుగానో, పొద్దున లేవగానే నోట్లో పులుపుగానో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అన్నవాహికలో పుండ్లు పడతాయి. మానిన చోట గొట్టం ఇరుకై ముద్ద దిగడమే కష్టం కావచ్చు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. అలవాట్లు ఏమాత్రం చెడకపోయినా ఈ బాధ రావచ్చు. కొందరికి కడుపు పైభాగం ఉదరవితానం గుండా ఛాతీలోకి జారి ఉంటుంది. గర్భిణులకు వస్తుంది. బరువు పెరిగిన వారికి వస్తుంది. కాబట్టి మంట అన్న ప్రతివాణ్ణీ తిండిపోతు అని నిందించడం అన్యాయం.

హాస్టల్‌లో ఒక రోజు

ఇక మన అబ్బాయి దినచర్య చూద్దాం. ఇది అతనొక్కడిదే కాదు. ఊళ్లు వదిలి నగరాల్లో చదువుకుంటున్న మన ఇళ్ల పిల్లల్లో చాలామందిది.

పొద్దున ఆలస్యంగా లేవడం వల్ల నాష్తా ఉండదు. ఖాళీ కడుపు మీద రెండు ఇరానీ చాయ్‌లు. మధ్యాహ్నం ఉదయపు లోటు కూడా తీరేలా ఒకేసారి గొంతుదాకా భోజనం. సాయంత్రం మిర్చి బజ్జీలు, కూల్ డ్రింకు. హాస్టల్ మెస్సులో రాత్రి ఎనిమిదికి పెట్టిన అన్నం రుచించదు. పన్నెండు గంటలకు నలుగురు కలిసి బిర్యానీ తెప్పించుకుంటారు. మంచం మీదే చేరగిలబడి తింటారు. తిన్న చెయ్యి కడుక్కుని, బోర్లా పడుకుని ఫోను చూస్తూ నిద్రలోకి జారుకుంటారు. పరీక్షల రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి ఇంకా చాయ్, కాఫీ. కొందరికి, అల్లాహ్ కాపాడుగాక, సిగరెట్టు కూడా.

ఇందులో ప్రతి ఒక్కటీ ఆ కండర వలయానికి కీడు చేసేదే. కడుపు అతిగా నిండితే లోపలి ఒత్తిడి పెరిగి వాకిలి తెరుచుకుంటుంది. నూనె, కొవ్వు ఎక్కువైన ఆహారం కడుపులో ఎక్కువ సేపు నిలుస్తుంది. నికోటిన్ ఆ వలయాన్ని వదులు చేస్తుంది. తిన్న వెంటనే పడుకుంటే, కూర్చున్నప్పుడు కిందనే ఉండే ఆమ్లం గొట్టంలోకి పారుతుంది. గ్యాస్ పోతుందని తాగే సోడా తేన్పులు తెప్పిస్తుంది, ఆ తేన్పులతో పాటే ఆమ్లమూ పైకి వస్తుంది. చలువ చేస్తుందనుకునే పుదీనా కూడా కొందరిలో ఆ వలయాన్ని సడలించి మంట పెంచుతుంది.

మాత్రల సంగతి కూడా చెప్పాలి. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్ వంటి మాత్రలను ఒక్క గుక్క నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే, మాత్ర గొట్టంలోనే అంటుకుని పుండు చేస్తుంది. అటువంటి మాత్రను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కనీసం అరగంట కూర్చోవాలి. తలనొప్పి వచ్చినప్పుడల్లా ఖాళీ కడుపు మీద నొప్పి మాత్రలు మింగే అలవాటు కూడా ప్రమాదమే.

కడుపుకు మూడు భాగాలు

తినండి, తాగండి, కాని మితిమీరకండి అన్నది అల్‌ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ ఇచ్చిన ఆదేశ సారాంశం. మితిమీరే వారిని తాను ప్రేమించనని కూడా అక్కడే హెచ్చరించాడు. మనం హరామ్ తినకుండా జాగ్రత్త పడతాం, అది విధి. కాని హలాల్‌ను మితిమీరి తినడం గురించి ఎంతమంది ఆలోచిస్తున్నాం? బిర్యానీలోని మాంసం హలాల్ అయినంత మాత్రాన, అర్ధరాత్రి గొంతుదాకా తినడం సున్నత్ అయిపోదు.

హజ్రత్ మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీలో ఉంది. మనిషి నింపే పాత్రలన్నిటిలోకీ కడుపే చెడ్డదని, నడుము నిలబెట్టడానికి నాలుగు ముద్దలు చాలని, అంతకు మించి తినక తప్పకపోతే ఒక వంతు అన్నానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి ఉంచమని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన సమక్షంలో ఒక వ్యక్తి తేన్చినప్పుడు, ఆ తేన్పును ఆపుకొమ్మని వారించి, ఇహలోకంలో కడుపు నింపుకోవడంలో ముందున్నవారే ప్రళయ దినాన అందరికంటే ఆకలితో ఉంటారని హెచ్చరించారు. ఇబ్ను ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు కూడా తిర్మిజీలోనిదే.

దైవప్రవక్త (స) ఆనుకుని కూర్చుని భోంచేసేవారు కాదు. నీళ్లను ఒక్క గుక్కలో కాక ఊపిరి తీసుకుంటూ మూడుసార్లుగా తాగేవారు. వీటిని మనం పాటించేది డాక్టరు మెచ్చుకుంటాడని కాదు, అవి మన ప్రవక్త (స) పద్ధతులని. రేపు వైద్యం మాట మార్చినా మనం వాటిని వదలం. అయితే నిటారుగా కూర్చుని, నిదానంగా, కొద్దిగా తినేవాడి కడుపు ప్రశాంతంగా ఉంటే, అది ఆ విధేయతకు తోడుగా అల్లాహ్ ఇచ్చిన కానుక.

ఇషా తర్వాతి రాత్రి

దైవప్రవక్త (స) ఇషాకు ముందు నిద్రపోవడాన్ని, ఇషా తర్వాత కబుర్లతో కూర్చోవడాన్ని ఇష్టపడేవారు కాదని హజ్రత్ అబూ బర్జా (రజి) తెలిపారు. విద్య కోసం మేల్కొనడం వేరు. ధర్మ విద్య కోసం ఇషా తర్వాత మాట్లాడుకోవడం హదీసుల్లోనూ కనిపిస్తుంది. కాని హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి వెలిగే దీపాలన్నీ చదువు దీపాలేనా? ఎవరి గుండె మీద వారు చెయ్యి వేసుకుని చెప్పాలి.

పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందే భోజనం ముగించమని డాక్టర్లు చెబుతారు. మగ్రిబ్, ఇషాల మధ్య తిని, ఇషా చదివి, కాసేపు నడిచి, పుస్తకం తీసి, పదకొండుకల్లా పడుకునే విద్యార్థికి ఈ వ్యవధి దానంతటదే దొరుకుతుంది. అతని నమాజు వేళలే అతని భోజన వేళలను కట్టుదిట్టం చేస్తాయి. పన్నెండుకు తిని ఒంటి గంటకు పడుకునేవాడు ముందు ఇషాను వెనక్కి నెడతాడు, తర్వాత నిద్రను, చివరికి ఫజ్ర్‌ను పోగొట్టుకుంటాడు. జబ్బు మొదట కడుపులో కనిపించినా, నష్టం చివరికి ఆరాధనకు తగులుతుంది.

భోజనం వెంటనే నమాజుకు నిలబడితే సజ్దాలో మంట ఎగదన్నుతుందని కొందరు అడుగుతుంటారు. వేళ మించిపోకుండా, జమాఅత్ తప్పకుండా భోజనాన్ని ముందుకో వెనక్కో జరుపుకోవాలి. జబ్బు నిజంగానే ముదిరి వంగలేని స్థితి వస్తే, కూర్చుని సైగలతో చదివే వెసులుబాటు ధర్మంలో ఉంది. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు ఒరిగి చదవమని అనారోగ్యంతో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) చెప్పారు.

కుడివైపా, ఎడమవైపా?

ఆ అబ్బాయి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "డాక్టరు ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. కుడివైపు పడుకోవడం సున్నత్ కదా! ఏం చేయాలి?" ఇలా అడగడమే అతని ఈమాన్ బతికే ఉందనడానికి నిదర్శనం.

వుజూ చేసి, కుడివైపు తిరిగి, దుఆ చదువుకుని పడుకోమని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి)కు దైవప్రవక్త (స) నేర్పిన హదీసు బుఖారీలో ఉంది. ఇది పుణ్యం తెచ్చే సున్నత్, కాని ఫర్జ్ కాదు. కడుపు ఆకారాన్ని బట్టి, ఎడమవైపు పడుకున్నప్పుడు ఆమ్లం వాకిలికి కిందుగా నిలుస్తుంది. కుడివైపు పడుకున్నప్పుడు వాకిలి మీదికి వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి ఎడమవైపు మేలనడానికి కారణం ఇదే. కాబట్టి రోగి కుడివైపు పడుకుని దుఆ చదువుకుని, తర్వాత డాక్టరు చెప్పినట్లు ఎడమవైపు తిరగవచ్చు. చికిత్స కోసం అలా తిరగడం సున్నత్ పట్ల నిర్లక్ష్యం కాదు. ఆరోగ్యవంతుడు మాత్రం దీన్ని సాకుగా తీసుకోనక్కర్లేదు. ఇక బోర్లా పడుకోవడాన్ని హదీసుల్లో వారించడం జరిగింది. కడుపును నొక్కే ఆ భంగిమ ఈ జబ్బుకూ మంచిది కాదు.

రాత్రి మంట వచ్చేవారు మంచం తలవైపు కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి అర అడుగు ఎత్తు చేసుకోవాలి. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ వంగుతుందే తప్ప ఛాతీ లేవదు.

రమజాన్‌లో

రోజా ఈ జబ్బుకు శత్రువు కాదు. శత్రువు మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్, సహరీ తర్వాత మన పడక. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీటితో ఇఫ్తార్ చేసి మగ్రిబ్ చదివేవారు. మనం? సమోసాలు, బజ్జీలు, షర్బత్, హలీమ్ అన్నీ అజాన్‌కూ నమాజుకూ మధ్యే ముగించాలని చూస్తాం. తరావీహ్‌లో మంటతో వంగలేకపోతాం.

సహరీ సంగతీ అంతే. దైవప్రవక్త (స) సహరీకీ ఫజ్ర్ నమాజుకూ మధ్య దాదాపు యాభై ఆయతులు పఠించేంత వ్యవధి ఉండేదని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చెప్పారు. ఫజ్ర్ తర్వాత ఆయన సూర్యోదయం దాకా అక్కడే కూర్చునేవారని హజ్రత్ జాబిర్ బిన్ సముర (రజి) తెలిపారు. ఈ క్రమాన్ని పాటించే వాడికి సహరీ తిని వెంటనే పడుకునే అవకాశమే లేదు. మన పిల్లలు రాత్రి రెండింటికే తినేసి పడుకుంటున్నారు. సహరీ శుభమూ తగ్గింది, ఫజ్రూ పోయింది, మంట మిగిలింది.

కొన్ని మసాయిల్ తెలుసుకోవాలి. రోజాలో తనంతట తానే వాంతి అయితే రోజా భంగం కాదు, కావాలని చేసుకుంటే అవుతుంది. పుల్లటి నీరు గొంతు వరకు వచ్చి తనంతట తానే వెనక్కి పోతే భయపడనక్కర్లేదు. నోట్లోకి వస్తే ఉమ్మివేయాలి, కావాలని మింగకూడదు. మంట భరించరానిదై, రోజా వల్ల జబ్బు ముదురుతుందని నమ్మకమైన డాక్టరు చెబితే, అల్ బఖరా సూరా 184, 185 ఆయతుల్లో రోగికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు అతనికీ వర్తిస్తుంది. ఆ రోజాలను తర్వాత ఖజా చేసుకోవాలి. అయితే చాలామందికి ఆ అవసరం రాదు. మందు వేళలను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చమని రమజాన్‌కు ముందే డాక్టరును అడిగితే సరిపోతుంది.

మందు కూడా అల్లాహ్ ఏర్పాటే

అల్లాహ్ ఏ జబ్బునూ దానికి మందు లేకుండా దించలేదన్నది ప్రవక్త (స) బోధ. మందు వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి. వాటిని సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. అయితే రెండు తప్పులు జరుగుతున్నాయి. అర్ధరాత్రి బిర్యానీ మానకుండా దానికి విరుగుడుగా మాత్ర మింగేవాడు మొదటివాడు. మాత్ర అతని మంటను దాస్తుందే కాని అతని నఫ్స్‌కు కళ్లెం వేయదు. షాపులో అడిగి కొనుక్కుని డాక్టరును చూడకుండా ఏళ్ల తరబడి వాడేవాడు రెండోవాడు. ఈ ఇద్దరూ మందును దుర్వినియోగం చేస్తున్నవారే.

ముద్ద దిగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, వాంతిలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరుకు చూపించాలి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతూ, చెమటలు పట్టి, ఊపిరి ఆడకపోతే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. అది గుండెపోటు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలకు, పెద్దలకు

యువ సోదరులారా! సోదరీమణులారా! ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని ప్రవక్త (స) హెచ్చరించారు. మీ దగ్గర ఈ రోజు ఆ రెండూ ఉన్నాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు పగలంతా రోజా, రాత్రంతా నమాజుతో గడిపేవారు. అది తెలిసి దైవప్రవక్త (స), నీ శరీరానికి నీ మీద హక్కు ఉందని, నీ కంటికి నీ మీద హక్కు ఉందని బోధించి తగ్గించుకోమన్నారు. ఆరాధన కోసమైనా శరీరం హక్కును కాలరాయవద్దని అంటే, సరదా కోసం, రుచి కోసం కాలరాసేవారి మాటేమిటి? ఇంట్లో అమ్మీ వేళకు పిలిచి తినిపించేది. ఇప్పుడు పిలిచేవారు లేరు. ఎవరూ చూడని గదిలో, ఎవరూ అడగని వేళలో అమానతును కాపాడడమే అసలు భయభక్తులు.

తల్లిదండ్రులారా! ఫోను చేసినప్పుడు మార్కులు అడుగుతాం, నమాజు అడుగుతాం, అడగాలి కూడా. వాటితో పాటు "రాత్రి ఎన్నింటికి తిన్నావు బేటా? నిద్ర పడుతోందా?" అని కూడా అడుగుదాం. బిడ్డ తప్పిన చోట కారణం తెలుసుకోకముందే ఈమాన్‌ను శంకించడం మనకు తగదు. అనుమానాలకు దూరంగా ఉండమన్న ఆదేశం బయటివారి విషయంలోనే కాదు, మన పిల్లల విషయంలోనూ వర్తిస్తుంది.

ఆ పెద్దాయనకు విషయమంతా చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "నేను తిట్టాను గాని, ఏమైందిరా అని ఒక్కసారైనా అడగలేదు" అన్నారు. కొడుకును తానే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. అబ్బాయి అర్ధరాత్రి తిండి మానాడు, మంచం తలవైపు ఎత్తు చేసుకున్నాడు, కొన్ని వారాలు మందు వాడాడు. చలికాలపు పొట్టి పగళ్లలో ఆ నాలుగు రోజాలనూ ఖజా చేశాడు. నాలుగో రోజున తండ్రి కూడా అతనితో పాటు నఫిల్ రోజా ఉన్నారట. ఇద్దరూ కలిసి ఖర్జూరంతో ఇఫ్తార్ చేశారని తెలిసి మా మనసు తేలికపడింది.

ఓ అల్లాహ్! మా పిల్లల శరీరాలకు ఆరోగ్యాన్ని, వారి మనసులకు నిగ్రహాన్ని ప్రసాదించు. హలాల్‌లోనూ మితంగా ఉండే సద్బుద్ధిని ఇవ్వు. వారి బాధను అర్థం చేసుకునే ఓర్పును మాకు ఇవ్వు. నీవు అప్పగించిన ఈ శరీరాలను నీ ఆరాధనలోనే అరగదీసి, నీ దగ్గరకు చేరే భాగ్యాన్ని మా అందరికీ కలిగించు. ఆమీన్.